ఇతరుల కోసం ప్రార్థన: చెప్పులు వేసుకుంటూ అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం జిల్లాలో మాది చిన్న క్రైస్తవ సంఘం. ప్రతి బుధవారం సాయంత్రం విజ్ఞాపన కూటం జరుగుతుంది. పన్నెండేళ్లుగా దాని బాధ్యత నాదే. బాధ్యత అంటే పెద్దదేం కాదు. చాపలు పరవాలి, నోటుపుస్తకంలో పేర్లు రాయాలి, ఆఖరి ఆటో వెళ్లిపోకముందే ఆమేన్ చెప్పించాలి. కూటం అయ్యాక గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ఎవరో ఒకరు "అక్కా, ఒక్క మాట" అంటారు. ఏళ్లు గడిచినా ఆ ఒక్క మాటలు పెద్దగా మారలేదు. అందుకే అన్నీ ఒకచోట రాశాను. ప్రశ్నలు వాళ్లు అడిగినట్టే ఉంచాను. నేను బాప్టిస్టు సంఘంలో పెరిగాను, జవాబుల్లో ఆ వాసన ఉంటుంది. ఏ ప్రశ్న కావాలంటే నేరుగా దాని దగ్గరికి వెళ్లండి.

## మొదలుపెట్టే ముందు

విజ్ఞాపన అన్నా ప్రార్థనే కదా, వేరే పేరెందుకు?

ప్రార్థనే. మరొకరి తరఫున నిలబడి చేసేదాన్ని విజ్ఞాపన అంటాం. 1 తిమోతి 2:1లో పౌలు విజ్ఞాపనలు, ప్రార్థనలు, యాచనలు, కృతజ్ఞతాస్తుతులు అని నాలుగూ వరసగా చెప్పి, మనుషులందరి కోసం చేయమన్నాడు. పెన్షన్ ఆగిపోయిన ముసలాయన సచివాలయానికి ఒంటరిగా వెళ్లడానికి జంకుతాడు. పక్కింటి కుర్రాడు తోడు వెళ్లి "ఈ తాత సంగతి ఇదండీ" అని చెబుతాడు. అలాంటిదే ఇది. మన కోసం అడిగేటప్పుడు మన అవసరం మనకు తెలుసు. ఇంకొకరి కోసం అడగాలంటే ముందు వాళ్ల దగ్గర కూర్చుని వినాలి. మోకాళ్ల కంటే ముందు చెవులతో పని.

దేవుడికి అన్నీ తెలుసు కదా, నేను మళ్లీ చెప్పడం దేనికి?

మీరు అడగకముందే మీ తండ్రికి తెలుసు అని యేసు అన్నాడు (మత్తయి 6:8). ఆ వెంటనే, అందుకని ప్రార్థన మానేయమనలేదు, ఎలా ప్రార్థించాలో నేర్పాడు. సొదొమ పట్నం నాశనం సంగతి చూడండి. చేయబోయేది అబ్రాహాముకు దాచకుండా ముందే చెప్పింది దేవుడే. అక్కడ ఇంతమంది నీతిమంతులుంటే వదిలేస్తావా అని అబ్రాహాము యాభై మంది దగ్గర మొదలుపెట్టి పది మంది దాకా బేరమాడాడు (ఆదికాండము 18). సంతలో కూరగాయల బేరంలా ఉంటుంది ఆ అధ్యాయం. దేవుడు విసుక్కోలేదు, ప్రతిసారీ సరే అన్నాడు. తెలియని కబురు చేరవేయడానికి కాదు మనం ప్రార్థించేది. ఆయన చేసే పనిలో మనకూ చోటిచ్చాడు కాబట్టి ప్రార్థిస్తాం.

అయ్యగారు చేస్తే చాలదా? మాలాంటోళ్ల ప్రార్థన వింటాడా?

ఏలీయా కూడా మనలాంటి స్వభావం ఉన్న మనిషేనని యాకోబు పత్రిక (5:17) గట్టిగా చెబుతుంది. మార్కు 2లో పక్షవాయువు రోగిని మంచంతో సహా మోసుకొచ్చి, ఇంటి కప్పు విప్పి దించిన నలుగురి పేర్లు ఎక్కడా లేవు. వాళ్లు శాస్త్రులు కాదు, యాజకులు కాదు. యేసు వారి విశ్వాసం చూశాడని అక్కడ రాసి ఉంది. పైగా మా అయ్యగారికి, అంటే పాస్టరు గారికి, మూడు ఊళ్ల సంఘాలున్నాయి. మీ వీధి చివర అమ్మాయి రెండు నెలలుగా పుట్టింట్లోనే ఎందుకు ఉంటోందో ఆయనకు తెలియదు. మీకు తెలుసు.

నాకు మాటలు రావు. పెద్దోళ్లలాగా బైబిలు భాషలో చేయాలా?

ఈ ప్రశ్న ఎక్కువగా ఆడవాళ్లే అడుగుతారు, అదీ గొంతు తగ్గించి. స్తోత్రగీతాలు విని విని "మిమ్మును స్తుతించుచున్నాము" అంటేనే ప్రార్థన అనే భయం పట్టుకుంది. జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజెస్ అనే లండన్ మిషనరీలు 1805లో మన పక్కనే విశాఖపట్నంలో దిగారు. తెలుగు నేర్చుకుని, వాక్యాన్ని తెలుగులోకి తేవడానికి నడుం కట్టారు. ఇద్దరూ ఐదారేళ్లలోపే చనిపోయారు. దేవుడి మాట మన భాషలోకి రావడానికి ప్రాణాలు పెట్టిన మనుషులుంటే, మన మాట దేవుడి దగ్గరికి వెళ్లడానికి ఇంకో భాష నేర్చుకోవాలా?

మా కూటంలో సముద్రం ఒడ్డు నుంచి వచ్చే ఒకామె ఉంది. ఆమె ప్రార్థన ఇలా ఉంటుంది: "ప్రెభువా, మా అప్ప కొడుకు బోటెక్కాడు. గాలి బాగోలేదు. నానేటి చెయ్యగలను, నువ్వే చూడాల." ఆ తర్వాత ఇంకెవరు చేసినా సాగతీసినట్టే ఉంటుంది, నాది కూడా.

దేవుణ్ణి 'నువ్వు' అనాలా, 'మీరు' అనాలా?

మీ ఇంట్లో నాన్నని ఎలా పిలుస్తారో అలాగే పిలవండి. మన పాత బైబిల్లో 'నీవు' అనే ఉంది, పల్లెల్లో 'నువ్వు' అంటారు, టౌన్‌లో 'మీరు' అంటారు. దీనిమీద గొడవపడ్డ సంఘాన్ని నేను చూశాను. ఆ గొడవలో మాత్రం ఎవరూ ఎవరినీ 'మీరు' అనలేదు.

## మొదటి రోజుల్లో

ఎవరితో మొదలుపెట్టను? జాబితా చాంతాడంత అవుతోంది.

ఏడు పేర్లతో మొదలుపెట్టండి, రోజుకొకరు. కోటిమంది కోసం "అందర్నీ చల్లగా చూడు ప్రభువా" అనడం తేలిక. ఒక్క మనిషి కోసం వారం వారం అడగడమే కష్టం, మనల్ని మార్చేదీ అదే. ఇరవై రూపాయల నోటుపుస్తకం చాలు. పేరు, అడిగిన సంగతి ఒక్క వాక్యంలో, తేదీ. పక్కన కొంచెం ఖాళీ ఉంచండి, ఏమైందో రాసుకోవడానికి. ఆ ఖాళీ నిండే దాకా ఆ పేరు కొట్టేయొద్దు.

నా సోమవారం పేజీ వలస వెళ్లినవాళ్లది. మన జిల్లాల్లో ఆ పేజీ ఖాళీగా ఉండే ఇల్లు తక్కువ. చెన్నై, హైదరాబాదుల్లో కట్టడం పనులకు వెళ్లినవాళ్లు, గుజరాత్ వేరావల్‌లో బోట్లెక్కినవాళ్లు. పేరు పక్కన వాళ్లు ఉన్న ఊరు, పని కూడా రాస్తాను. "పదో అంతస్తు సెంట్రింగ్" అని రాసి ఉంటే ప్రార్థన దానంతటదే వస్తుంది.

నాలుగింటికి లేస్తే రాత్రి తొమ్మిదికి గానీ నడుం వాల్చను. టైమెక్కడిది?

గంట కూర్చోలేకపోతే ప్రార్థన కానట్టే అనుకుంటున్నారు. అర్తహషస్త రాజు నెహెమ్యాను "నీకేం కావాలి?" అని అడిగాడు. ఆ ప్రశ్నకీ తన జవాబుకీ మధ్య నెహెమ్యా దేవునికి ప్రార్థించాడు (నెహెమ్యా 2:4). ఎంతసేపు పట్టి ఉంటుంది? ఊపిరి పీల్చుకున్నంతసేపు. అయితే అదే నెహెమ్యా అంతకుముందు రోజుల తరబడి ఉపవాసంతో ఏడ్చి ప్రార్థించాడని మొదటి అధ్యాయంలో ఉంది. రెండూ కావాలి. రెండోది కుదరని కాలంలో మొదటిదైనా మానొద్దు.

పలాస నుంచి విజయనగరం దాకా రోజూ పాసింజర్‌లో ఉద్యోగానికి వెళ్లే చెల్లి ఒకామె స్టేషన్‌కో పేరు పెట్టుకుంది. నౌపడ వస్తే మేనత్త, కోటబొమ్మాళి వస్తే తన స్కూలు హెడ్మాస్టరు, తిలారు వస్తే తాగుడు మానలేని తమ్ముడు. శ్రీకాకుళం రోడ్‌లో జనం తోసుకుంటూ ఎక్కుతారు, అక్కడ ఎవరి పేరూ పెట్టుకోలేదట. పొందూరులో మళ్లీ మొదలు. జీడిపిక్కలు ఒలిచేవాళ్లకి, పాచి పనికి వెళ్లేవాళ్లకి చేతులు ఖాళీ ఉండవు, మనసు ఖాళీగానే ఉంటుంది.

"ప్రార్థన చేస్తాను" అని చెప్పేసి మర్చిపోతున్నాను. పాపమా?

మాట ఇచ్చి తప్పడం కాబట్టి తేలిగ్గా తీసుకోవద్దు. సమూయేలు ఇంకా గట్టిగా అన్నాడు: మీ కోసం ప్రార్థించడం మానితే నేను యెహోవాకు విరోధంగా పాపం చేసినవాణ్ణవుతాను అని (1 సమూయేలు 12:23). మందు ఒకటే. "చేస్తాను" అనకుండా "ఇప్పుడే చేసుకుందామా?" అనండి. ఫోన్లోనే, బజార్లో ఓ పక్కకి జరిగి, అర నిమిషం. ఎదుటివాళ్లకి మొహమాటం అనిపిస్తే నాలుగడుగులు వేశాక మీరొక్కరే చేయండి.

"ఆశీర్వదించు ప్రభువా" దాటి మాట రావడం లేదు. ఏం అడగాలి?

ముందు ఆ మనిషినే అడగండి: "నీ కోసం ఏమని ప్రార్థించమంటావ్?" మనం ఊహించుకున్నదీ వాళ్లు చెప్పేదీ చాలాసార్లు ఒకటి కాదు. భర్త పోయిన ఒక వదినగారి కోసం నెలపాటు "ఓదార్పు" అడిగాను. ఒకరోజు ఆమెనే అడిగితే, "ఓదార్పు సంగతి అలా ఉంచు, ఆయన పేరు మీదున్న పాసుబుక్కు నా పేరుకి మారాలి, వీఆర్వో గారి చుట్టూ తిరుగుతున్నాను" అంది. ఆ రోజు నుంచి పాసుబుక్కు కోసం ప్రార్థించాను. మర్నాడు ఆమెతో పాటు నేనూ వెళ్లాను.

తర్వాత పౌలు పత్రికల్లోని ప్రార్థనలు చదవండి. ఎఫెసీ 1, 3 అధ్యాయాలు, ఫిలిప్పీ 1, కొలస్సయి 1. ఒక విషయం కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఉద్యోగం, ఇల్లు, ఆరోగ్యం అనే మాటలు వాటిలో రావు. లోపలి మనిషికి బలం, ప్రేమలో వేళ్లూనడం, మంచి చెడ్డలు తెలిసే వివేకం, ఓర్పు. ఉద్యోగం కోసం అడగొద్దని కాదు. డీఎస్సీ రాసే కుర్రాడి కోసం పోస్టు అడగండి. లిస్టులో పేరు లేని రోజున కూడా వాడు తలెత్తుకుని ఇంటికి రావాలని అడగండి. మొదటిది వాళ్లమ్మ ఎలాగూ అడుగుతుంది, రెండోది అడిగేవాళ్లే ఉండరు.

## ఆస్పత్రి, మందులు

డయాలసిస్ మీద ఉన్నవాళ్ల కోసం పూర్తిగా బాగవ్వాలని అడగాలా, భరించే బలం అడగాలా?

ఉద్దానం పక్క ఉన్నవాళ్లకి ఇది పుస్తకంలో ప్రశ్న కాదు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస, పలాస ఊళ్లలో ఒక్కో ఇంట్లో ఇద్దరేసి కిడ్నీ రోగులు కనబడతారు. జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటికీ కచ్చితంగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు.

రెండూ అడగండి. బాగుచేయమని అడగడానికి సిగ్గుపడొద్దు, యేసు దగ్గరికి వచ్చిన రోగులెవరూ సిగ్గుపడలేదు. దాంతోపాటు వాళ్ల రోజు ఎలా గడుస్తుందో తెలుసుకుని అడగండి. వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు మిషన్ పక్కన పడుకోవాలి. నీళ్లు కొలిచి తాగాలి, ఏప్రిల్ ఎండలో కూడా. కాబట్టి దాహం తట్టుకోవాలని అడగండి. మిషన్‌కి కలపడానికి చేతి రక్తనాళాలతో చేసిన ఫిస్టులా పాడవకూడదని, మిషన్ మీద ఉండగా బీపీ పడిపోకూడదని, తోడు వెళ్లే భార్యకి ఆ రోజు కూలి పోయినా పిల్లల ఫీజు గడవాలని అడగండి. నర్సుల కోసం, టెక్నీషియన్ల కోసం, ఊరికి మంచినీళ్లు తెచ్చే పైపుల కోసం, కారణం వెతుకుతున్న డాక్టర్ల కోసం కూడా.

ఒకాయన నాతో అన్నాడు: "అందరూ స్వస్థత అంటన్నారు, బాగానే ఉంది. ఇయ్యాళ నాకు నీళ్లు తాగాలనుంది, అది చెప్పమ్మా దేవుడికి."

"విశ్వాసం ఉంటే మందులెందుకు, ఆపేయండి" అన్నారు ఒక బ్రదర్. ఏం చేయాలి?

ఆపొద్దు. ఈ ఒక్కచోట నేను మెత్తగా చెప్పను. హిజ్కియా రాజు చావు మంచం మీద ప్రార్థిస్తే దేవుడు పదిహేనేళ్ల ఆయుష్షు కలిపాడు. అదే కథలో, ఆ మాట తెచ్చిన యెషయా ప్రవక్తే అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద పెట్టించాడు (2 రాజులు 20). మాట ఇచ్చిన దేవుడు కట్టు కట్టొద్దనలేదు. డయాలసిస్ మానేసినా, టీబీ మందులు నెల రోజులకే ఆపేసినా, షుగర్ ఇన్సులిన్ ఎగ్గొట్టినా ప్రాణం మీదికొస్తుంది. మందు తగ్గించాలో ఆపాలో రాసిచ్చిన డాక్టరు చెప్పాలి. నిజంగా బాగుపడితే రిపోర్టుల్లో కూడా కనబడుతుంది, అప్పుడు డాక్టరే ఆపుతాడు.

వార్డులో గట్టిగా ప్రార్థించొచ్చా?

వద్దు. మిర్యాముకు కుష్ఠు వచ్చినప్పుడు మోషే చేసిన ప్రార్థన మన బైబిల్లో నాలుగే మాటలు: "దేవా, దయచేసి యీమెను బాగుచేయుము" (సంఖ్యాకాండము 12:13). ఎలుగెత్తి అడిగాడనే ఉంది, నిజమే. కానీ మోషే పక్క మంచం మీద నిన్న ఆపరేషన్ అయిన మనిషి ఎవరూ లేరు. సిస్టర్‌ని అడిగి, రోగిని అడిగి, చేయి పట్టుకుని నెమ్మదిగా రెండు నిమిషాలు చేయండి. పక్క మంచం వాళ్లు "మాక్కూడా చేయండమ్మా" అంటే వాళ్లకీ చేయండి. చాలాసార్లు అంటారు.

## నోరు కట్టుకోవడం గురించి

ఒకరు చెప్పిన మనవిని వాట్సాప్ గ్రూపులో పెట్టొచ్చా? ఎక్కువమంది ప్రార్థిస్తారు కదా.

ఈ విషయంలో నేనే తప్పు చేశాను, అందుకే కాస్త ఎక్కువ చెబుతాను. ఏడెనిమిదేళ్ల కిందట ఒకమ్మాయి తన పెళ్లి సంబంధం ఎందుకు చెడిందో నాకు చెప్పుకుని ఏడ్చింది. నేను మంచి మనసుతోనే, పేరు రాయకుండా, "మన సంఘంలో ఒక సహోదరి" అని గ్రూపులో పెట్టాను. చిన్న సంఘంలో పేరు రాయకపోతే ఏం లాభం, పెళ్లి ఆగిపోయిన పిల్ల ఒక్కతే. సాయంత్రానికి ముగ్గురు ఆ ఇంటికి పరామర్శకి వెళ్లారు. ఆదివారానికి పక్క ఊరి సంఘంలో కూడా తెలిసిపోయింది. ఆ కుటుంబం మా సంఘానికి రావడం మానేసింది. నేను ఇంటికి వెళ్లి క్షమించమని అడిగాను. ఆ అమ్మాయి "పర్లేదక్కా" అంది. తలుపు మాత్రం సగమే తీసింది.

అప్పటి నుంచి మా కూటానికి ఒక కట్టుబాటు పెట్టాను. మనవి ఎవరిదో వాళ్ల నోటి నుంచే రావాలి, లేదా "ఎవరికి చెప్పమంటావ్, ఎంతవరకు చెప్పమంటావ్?" అని అడిగాకే రావాలి. జబ్బు పేరు, అప్పు లెక్క, మొగుడూపెళ్లాల గొడవ, పిల్లల ప్రేమ వ్యవహారం గ్రూపులో పెట్టం. ప్రార్థన మనవి పేరుతో కబుర్లు చెప్పుకోవడం మనకి అలవాటైన రోగం. దానికి ఆమేన్ తగిలిస్తే తప్పు కానట్టు అనిపిస్తుంది. దేవుడికి వివరాలన్నీ తెలుసు, గ్రూపుకి తెలియాల్సిన పని లేదు. ఒక్క మినహాయింపు: ఎవరైనా కొడుతున్నారనో, చచ్చిపోవాలనిపిస్తోందనో చెబితే రహస్యమని ఊరుకోవద్దు. సాయం చేయగల మనిషికి ఆ రోజే చెప్పండి, వాళ్లని ఒంటరిగా వదలొద్దు.

కూటంలో ఒకరు ప్రార్థన చేస్తూనే మాకు చురకలేస్తున్నారు.

"కొందరు ఆలస్యంగా వచ్చుచున్నారు ప్రభువా, వారి కన్నులు తెరువుము" అనే రకం. అందరికీ తెలుసు ఆ కొందరు ఎవరో. నాకైతే అది దేవుడి భుజం మీద తుపాకీ పెట్టి పక్కవాణ్ణి కాల్చడం. కూటం నడిపేవాళ్లు ఆయనతో విడిగా, గౌరవంగా మాట్లాడాలి. తిరిగి మీరూ ప్రార్థనలోనే జవాబు ఇవ్వకండి, చేయాలనిపిస్తుంది.

పక్కింటివాళ్లు క్రైస్తవులు కారు. వాళ్ల కోసం చేయొచ్చా?

తప్పకుండా. బబులోనుకు చెరపట్టుకుపోయినవాళ్లకే ఆ పట్నం క్షేమం కోసం ప్రార్థించమని యిర్మీయా (29:7) రాశాడు. మనం మన సొంత ఊళ్లో, అన్నదమ్ముల్లా కలిసి బతికేవాళ్ల మధ్య ఉన్నాం. దసరా వెళ్లిన మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం, ఊరంతా చుట్టాలే. ఆ జనంలో ఎవరికీ దెబ్బ తగలకూడదని ప్రార్థించడానికి అడ్డేముంది?

వాళ్ల ఇంట్లో, వాళ్ల ఎదుట చేయాలంటే మాత్రం అడిగి చేయండి. "మీకు ఇబ్బంది లేకపోతే ప్రార్థన చేస్తాను పిన్నీ." వద్దంటే నవ్వి టీ తాగి వచ్చేయండి, ఇంటికొచ్చి చేసుకోవచ్చు. కష్టంలో ఉన్నప్పుడు ఎవరినీ "మా దేవుణ్ణి నమ్మితేనే" అని బేరం పెట్టొద్దు. వాళ్ల బిడ్డ జ్వరం తగ్గాలని అడిగేటప్పుడు జ్వరం తగ్గాలనే కోరుకోండి.

మా బావగారితో గట్టు తగాదా, కోర్టు దాకా వెళ్లింది. ఆయన కోసం ప్రార్థించమంటే నోరు రావడం లేదు.

హింసించేవాళ్ల కోసం ప్రార్థించమన్న మాట (మత్తయి 5:44) వినడానికి బాగుంటుంది, ఆ పేరు నోటికి వచ్చేసరికి పళ్లు బిగుస్తాయి. గట్టు జోలికి వెళ్లకుండా మొదలుపెట్టండి. ఆయన కూతురి పరీక్షలు, ఆయన మోకాళ్ల నొప్పులు. "బావగారికి బుద్ధి చెప్పు ప్రభువా" అనేది మొదటి నెలలో వద్దు, అది మన కేసుకి దేవుణ్ణి ప్లీడరుగా పెట్టుకోవడం. యోబు క్షేమస్థితి తిరిగి వచ్చింది, తనని మాటలతో పొడిచిన స్నేహితుల కోసం ప్రార్థించినప్పుడే (యోబు 42:10). కేసు మానుకోమని నేననడం లేదు. న్యాయం అడగొచ్చు, వాయిదాకి వెళ్లొచ్చు. వాయిదా రోజు కోర్టు దగ్గర ఎదురుపడితే "తిన్నావా బావా" అనగలగాలి, అంతే.

## జవాబు రానప్పుడు

ఎన్నాళ్లు చేయాలి? ఎప్పుడు ఆపాలి?

ఒంగోలులో ప్రార్థన కొండ ఉంది. 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ లైమన్ జూవెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తం ఐదుగురు ఆ కొండెక్కి ఒంగోలుకు ఒక మిషనరీని పంపమని అడిగారు. ఆ మిషనరీగా క్లౌ దొర వచ్చి అక్కడ కాపురం పెట్టింది 1866లో. పన్నెండేళ్లు.

మన దగ్గరి సంగతే చెప్పాలంటే, 2018 నవంబరులో గుజరాత్ బోట్ల మీదున్న మన మత్స్యకారుల్ని పాకిస్తాన్ పట్టుకెళ్లింది. వాళ్లు వాఘా దాటి వచ్చింది 2020 జనవరిలో. ఆ పదమూడు నెలలూ ఒడ్డున ఉన్న ఊళ్లలో ఏ మతం వాళ్లు ఏ గుడిలో, ఏ చర్చిలో మొక్కారో లెక్క లేదు. ఆఫీసుల చుట్టూ తిరిగిన ఆడవాళ్ల కాళ్లనీ మర్చిపోకూడదు.

ఆపడానికి మూడు సందర్భాలే నాకు తెలుసు. అడిగింది జరిగింది. జరగదని తేలిపోయింది. లేదా అడిగే మాటే మారాలని తెలిసింది: పౌలు తన శరీరంలో ముల్లులా ఉన్న బాధని తీసేయమని మూడుసార్లు అడిగాడు, "నా కృప నీకు చాలును" అన్న జవాబు విన్నాక తీసేయమని అడగడం మానాడు (2 కొరింథీ 12).

కన్నీళ్లతో చేశాం, ఊరంతా చేసింది. అయినా మా బాబు పోయాడు. మా విశ్వాసం తక్కువా?

కాదమ్మా. దావీదు ఏడు రోజులు నేల మీద పడి ఉపవాసంతో అడిగాడు, బిడ్డ చనిపోయాడు (2 సమూయేలు 12). గెత్సేమనేలో యేసు తొలగించమని అడిగిన శ్రమల గిన్నె తొలగలేదు. ఆయన విశ్వాసం తక్కువని ఎవరైనా అనగలరా? మీ ఇంటికి వచ్చి "ఎక్కడో లోపం ఉంది, వెతుక్కోండి" అన్నవాళ్లు యోబు స్నేహితుల పని చేశారు. ఆ స్నేహితులు చేసిన ఒకే ఒక మంచి పని, మొదటి ఏడు రోజులు మాట్లాడకుండా పక్కన కూర్చోవడం.

ఇప్పుడు ప్రార్థన రాకపోతే చేయకండి. కొన్నాళ్లు మీ తరఫున మేం చేస్తాం. కోపం వస్తే ఆ కోపమే చెప్పండి, కీర్తనల్లో చాలా అలాంటివే.

చనిపోయినవారి కోసం ప్రార్థించొచ్చా? మా అత్తగారివాళ్లు ఆర్‌సీఎం.

కతోలిక సంఘం చేస్తుంది. నవంబరు 2 సమాధుల పండుగనాడు వాళ్ల ఆత్మల కోసం పూజ చేయిస్తారు, పునీతుల్ని కూడా తమ కోసం ప్రార్థించమని వేడుకుంటారు. బాప్టిస్టు, లూథరన్ సంఘాల్లో మామూలుగా చనిపోయినవారి కోసం అడగరు, మిగిలినవారి ఓదార్పు కోసం అడుగుతారు, వెళ్లినవారి జీవితానికి కృతజ్ఞత చెబుతారు. నేను రెండోదే పాటిస్తాను. అయినా మా పెద్దత్తగారి సమాధి దగ్గర కొవ్వొత్తి వెలిగించేటప్పుడు పక్కన నిలబడతాను. సమాధి దగ్గర వాదన పెట్టుకోకండి.

ఉపవాసం ఉంటే తొందరగా వింటాడా?

ఉపవాసం దేవుడి మీద ఒత్తిడి తెచ్చే నిరాహార దీక్ష కాదు. తిండి మీద పెట్టే టైము, మనసు ఆ మనిషి మీద పెట్టడం. శుక్రవారం ఉపవాస కూటానికి వచ్చి, సాయంత్రం "ఏం తిందాం" అనే ధ్యాసలోనే గడిచిపోతే ఇడ్లీ తినేసి రావడం మేలు. షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, బాలింతలు డాక్టర్ని అడగకుండా ఉండొద్దు. టీవీ సీరియల్, ఫోను మానేయడం కూడా కొందరికి అన్నం మానేసినంత కష్టమే.

డబ్బు పంపితే ప్రత్యేక ప్రార్థన, తైలం సీసా పంపుతామంటున్నారు.

పంపకండి. నయమాను కుష్ఠు పోయాక కానుకలు ఇవ్వబోతే ఎలీషా తీసుకోలేదు. వెనకే పరిగెత్తి పుచ్చుకున్న ఎలీషా పనివాడు గేహజీకి ఏమైందో 2 రాజులు 5 ఆఖరి వచనంలో ఉంది. సంఘానికి కానుక ఇవ్వడం వేరు, ప్రార్థనకి రేటు కట్టడం వేరు.

అందరి కష్టాలూ మోసి మోసి అలసిపోయాను. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

యుద్ధం జరుగుతుండగా పైకెత్తి ఉంచిన మోషే చేతులు బరువెక్కితే ఎవరూ "ఇంకా విశ్వాసంతో ఎత్తు" అనలేదు. రాయి తెచ్చి కూర్చోబెట్టారు, అహరోను ఒకపక్క, హూరు ఒకపక్క చేతులు పట్టుకున్నారు (నిర్గమకాండము 17). మీకూ ఒక రాయి కావాలి, ఇద్దరు మనుషులు కావాలి. పేర్లు సగం వేరేవాళ్లకి పంచండి. రాత్రి పుస్తకం మూసేటప్పుడు "ఇప్పుడు నీ వంతు ప్రభువా, నేను పడుకుంటున్నాను" అనండి. నేను అలాగే అంటాను, దుప్పటి కప్పుకుంటూ. వారాల తరబడి నిద్ర లేకపోతే డాక్టర్ని కలవండి.

అందరి కోసం నేను చేస్తాను. నా కోసం చేసేవాళ్లు ఎవరూ లేరనిపిస్తోంది.

యేసు మన కోసం విజ్ఞాపన చేయడానికి ఎప్పుడూ జీవిస్తున్నాడని హెబ్రీ 7:25లో ఉంది. ఆ మాట చెప్పి మిమ్మల్ని పంపించేయను, మనుషులూ కావాలి. పౌలంతటివాడు "నా కోసం కూడా ప్రార్థించండి" అని పత్రిక తర్వాత పత్రికలో అడిగాడు. మనం అడగం. బాగున్నారా అంటే బాగున్నాం అంటాం. మీరు నమ్మే ఒక్కరికి ఈ వారం ఒక్క సంగతి చెప్పండి. అలాంటివాళ్లెవరూ తోచకపోతే బుధవారం ఆరున్నరకి మా కూటానికి రండి. తలుపు పక్క చాప మీద కూర్చోండి. సంగతి చెప్పకపోయినా ఫర్వాలేదు, పేరు చెప్తే పుస్తకంలో రాసుకుంటాను, పక్కన కాస్త ఖాళీ ఉంచి.